కామునిలో కాలిన నిచ్చెన

ఏటా ఉగాది రోజు మా ఇంట్లో నాకో మర్యాద జరుగుతుంది. ఆ మర్యాద నా గొంతులో అడ్డం పడి యాభై ఏళ్ళు దాటింది. మింగలేను, కక్కలేను. ఇవాళ మీకు చెప్తాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నా. చెప్పాల్సిన మనిషి ఎదురుగానే ఉన్నాడు, ఆయనకి చెప్పే దమ్ము ఉంటే మీ దాకా వచ్చేవాణ్ణి కాదు.

ముందు మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ వినండి. నేను బాగా చెప్తాను, ఆ మాట మాత్రం నిజం. బొంబాయి కామాటిపురలో వరస గదుల మేడ మా చాల్, మూడో మాల మీద, అంటే మూడో అంతస్తులో, ఒక్క గది మా ఖోలీ. ఉగాది ముందు రోజు మా బావ, అంటే అక్క మొగుడు, గోడకి సున్నం వేస్తూ పడిపోయాడు. తొడ ఎముక విరిగింది. ఇరవై దాటిన పడుచువాణ్ణి నేను. బావను వీపున వేసుకుని ఆ ఇరుకు మెట్లన్నీ దిగాను. ఫోరస్ రోడ్ మీద బండ్లన్నీ ఆగిపోయాయి. బస్సు డ్రైవరు హారన్ కొట్టడం మరిచి నోరు తెరుచుకుని చూశాడు. ఆస్పత్రి దాకా ఒక్కచోట కూడా దించలేదు. డాక్టరు బావను పక్కన పెట్టి ముందు నా నాడి పట్టుకుని చూశాడు.

మా అక్క పిల్లలు, వాళ్ళ పిల్లలు ఈ కథ వింటూనే పెరిగారు. ఏడాదికేడాది ఆస్పత్రి దూరమవుతూ పోయింది. ఒక ఏడు అందులో వాన కూడా కలిపాను. ఉగాది రోజుల్లో బొంబాయిలో వాన ఎక్కడిదని ఒక్కరూ అడగలేదు.

నిజమేమిటంటే, అక్క పండగ బజారుకి పోయి ఉంది, నొప్పికి స్పృహ తప్పిన బావను ఇద్దరు పొరుగువాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి దించారు. గల్లీ మొగదల టాక్సీ దొరికింది. నేను మోసింది ఆయన చెప్పులు.

ఇది ఒప్పుకోవడం తేలికే. నవ్వుతూ ఒప్పుకోవచ్చు. ఇక్కడితో ఆపేస్తే మీరూ నవ్వి ఊరుకుంటారు. నా జబ్బే అది. చిన్న అబద్ధాన్ని దర్జాగా బయటపెట్టి, పెద్దదాన్ని దాని చాటున దాచేస్తాను. ఈసారి దాచను. బావ పడింది నా వల్ల.

బావది సున్నం పని. హోలీ పున్నానికీ ఉగాదికీ నడుమ ఉన్న ఆ పక్షం రోజులే ఆయనకి అసలైన సీజన్. పండక్కి ముందు మా తెలుగు ఖోలీలన్నిటికీ సున్నం పడాల్సిందే. సున్నంలో నీలిమందు ఎంత కలపాలో ఆయన చేతికి తెలుసు. గోడ మధ్యలో చెయ్యి వణక్కుండా గీసే నీలం పట్టె చూసి పక్క చాల్ వాళ్ళు కూడా ఆయన్నే పిలిచేవాళ్ళు. ఆయన పనంతా ఒక వెదురు నిచ్చెన మీద. సొంత చేత్తో కట్టుకున్నాడు. మా మెట్ల మలుపులో తిరగాలని వెడల్పు తగ్గించి, గోడ గీసుకుపోకుండా పై కొసలకి గోనెపట్టా చుట్టి. ఆయనకి తోడు సాయిలు, పక్క గల్లీ మనిషి. ఒకడు పైన, ఒకడు కింద. ఒకే డబ్బాలో అన్నం తినేవాళ్ళు.

బావకూ నాకూ పరాచికాలు ఎక్కువ. ఆ ఏడు నాకు పిల్లను చూడ్డానికి వెళ్ళినప్పుడు, పిల్ల తరఫు వాళ్ళ ముందు, మా బామ్మర్దిని పొద్దున లేపాలంటే బకెట్ నీళ్ళు కావాలి, అది కూడా కట్నంలో రాసుకోండి అన్నాడు. అందరూ నవ్వారు. తలుపు వెనక పిల్ల కూడా నవ్వింది. నేనూ పైకి నవ్వాను. లోపల మాత్రం, ఉండు నీ సంగతి చెప్తా అనుకున్నాను.

హోలీ ముందు సాయంత్రం గల్లీ మధ్యలో కట్టెలు పేర్చి కాముణ్ణి కాలుస్తాం. కాముని కోసం కట్టె ఎత్తుకొస్తే దాన్ని దొంగతనం అనరు. విరిగిన కుర్చీ, పాత తలుపు, ఎవరిదైనా సరే. ఒకసారి కుప్పలో పడ్డదాన్ని సొంతదారు కూడా తియ్యకూడదు. తిట్టుకోవచ్చు, అంతే. ఈ కట్టుబాటు మా గల్లీలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. తెలిసే నేను బావ నిచ్చెన దించుకొచ్చి కుప్పకి ఆనించి పెట్టాను. కుప్పలో వెయ్యలేదు. ఆనించాను. ఈ తేడాను యాభై ఏళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. బావ దాదర్‌లో నిచ్చెన అక్కర్లేని పనేదో ముగించుకుని వస్తాడు, నిచ్చెనను చూసి లబలబలాడతాడు, నలుగురిలో నన్ను బతిమాలతాడు, అప్పుడు ఇచ్చేస్తాను. అదీ నా లెక్క.

చాయ్ తాగి వచ్చేసరికి పోరగాళ్ళు దాన్ని కుప్ప నడుమకి తోసేశారు. పెద్దాయన ఒకాయన కర్పూరం ముట్టించేశాడు. గోనెపట్టా ముందు అంటుకుంది.

అరిచి ఉంటే? లాగి ఉంటే? చెయ్యి కాలేది, కొసలు మాడేవి, నిచ్చెన మిగిలేది. అంతమంది ముందు కాముని కట్టె లాగినవాడని పేరొస్తుందని ఆగిపోయానా? వేళాకోళం ఆడబోయి బోల్తాపడ్డవాణ్ణవుతానని సిగ్గుపడ్డానా? ఇప్పటికీ తెలియదు. నిలబడ్డాను. అంతలోనే బావ వచ్చాడు, తన కూతుర్ని, నా మేనకోడల్ని, భుజాల మీద కూర్చోబెట్టుకుని. వెదురు కణుపులు పటాసుల్లా పేలుతున్నాయి. పిల్ల చప్పట్లు కొడుతోంది. ఎవని బొంగురా ఇది, మస్తు పేలుతుంది అని బావ పడీ పడీ నవ్వాడు.

రంగుల మర్నాడు పనికి పోబోతూ వెతుక్కున్నాడు.

“ఏం రా బామ్మర్ది, నిచ్చెన యాడ పెట్టినవ్?”

“నేనెందుకు పెడ్త బావా? నీ నిచ్చెనతోని నాకేం పని?”

“అవు, ఎక్కి దిగే పని నీకెందుకుంటది. మరి ఎవడు తీస్కపోయిండు?”

“పక్క గల్లీ పోరగాళ్ళు మెట్ల కాడ తిరుగుతుంటె చూసిన.”

“ఎవరు, సాయిలు కొడుకులా?”

“వాళ్ళే అనుకుంట.”

అనుకుంట. ఆ మాట తగిలిస్తే అబద్ధం బరువు సగం తగ్గుతుందనుకున్నానేమో. సాయిలు పేరు తెచ్చింది నేను కాదు, బావే అని కూడా చాలా ఏళ్ళు సర్దిచెప్పుకున్నాను. చూడండి, మనిషి ఎన్ని సందులు వెతుక్కుంటాడో.

బావ నేరుగా వెళ్ళి, వాళ్ళ చాల్ గ్యాలరీలో, ఆ పొడుగు వసారాలో, అందరూ చూస్తుండగా సాయిలు పెద్ద కొడుకుని కొట్టాడు. వాడు ఏడుస్తూ ఒట్టు పెట్టాడు. సాయిలు కొడుకునే నమ్మాడు. నమ్మి కూడా, మర్నాడు తన నిచ్చెనను భుజాన వేసుకొచ్చి మా చాల్ కింద నిలబడ్డాడు, సీజన్‌లో స్నేహితుడి చెయ్యి ఆగకూడదని. బావ పైనుంచే తిట్టి పంపేశాడు. నేను బావ పక్కనే, కటకటాలు పట్టుకుని నిలబడి ఉన్నాను. సాయిలు తల ఎత్తి మా ఇద్దరినీ చూశాడు. తర్వాత ఆ నిచ్చెనను మెల్లగా తిప్పుకుని వెళ్ళిపోయాడు.

కొత్తది కట్టుకునే తీరిక లేదు. బావ నీళ్ళ డ్రమ్ము బోర్లించి, దాని మీద స్టూలు వేసుకుని పని నడిపాడు. అందరి ఖోలీలూ అయ్యాక చివరికి మాది. నేను గుమ్మానికి మామిడాకులు కడుతున్నాను. లోపల చప్పుడైంది.

నిచ్చెన కాలిపోవడం వల్ల బావ పడలేదు. కాలినా సాయిలు నిచ్చెన ఉంది, గుమ్మం దాకా వచ్చింది. నా నోటి మాట దాన్ని వెనక్కి పంపింది. వేళాకోళం తప్పైతే అది కుర్రతనం. ఆ మాట మాత్రం కుర్రతనం కాదు.

ఎముక అతికింది, కాలు పొట్టిదైంది. బావ మళ్ళీ పైకి ఎక్కలేదు. ఎవరో వేస్తుంటే కింద కూర్చుని సున్నం కలిపాడు. అక్క నాలుగిళ్ళలో వంటకి కుదిరింది. సాయిలుతో మాటలు లేవు. సాయిలు పోయినప్పుడు పాడె మా గల్లీ మీదుగానే వెళ్ళింది. బావ గ్యాలరీలోంచి చూశాడు, దిగలేదు.

ఇక ఆ మర్యాద. ఉగాది రోజు కొత్త కుండలో అక్క పచ్చడి కలుపుతుంది. చింతపండు, బెల్లం, మామిడి తురుము, వేపపువ్వు, మా వైపు లెక్క పల్చగా, గ్లాసులో పోసుకుని తాగేటట్టు. ఆ మొదటి గ్లాసు బావ తన చేత్తో నాకిస్తాడు. నన్ను మోసినోడు తాగినంకనే నేను తాగేది అంటాడు. కథ మొదలుపెట్టమంటాడు. తెలుగు సగం మరిచిన మునిమనవరాలు కూడా, ఆజోబా, మగ్ కాయ్ ఝాలం, తాతా, తర్వాత ఏమైంది అని మరాఠీలో తొందరపెడుతుంది. నేను చెప్తాను. చెయ్యి తిప్పుతూ, రొప్పుతూ చెప్తాను. అప్పుడప్పుడు నేనే నమ్ముతాను.

ఈ ఉగాదికి కథ అయ్యాక, పిల్లలు భక్ష్యాల మీద పడ్డాక, బావ నా మోకాలి మీద చెయ్యి వేశాడు. ఎనభై దాటాయి ఆయనకి. మెల్లగా అన్నాడు, సాయిలు నిచ్చెన తెచ్చిననాడు తీసుకోవాల్సిందిరా, పోరలు చేసినదానికి తండ్రి ఏం చేస్తడు, తప్పంత నాదే. కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. గ్లాసులో వేపపువ్వు తేలుతోంది. దాన్ని చూస్తూ, పోనీ బావా, పాత సంగతులు అన్నాను. పోనీ అన్నాను! తప్పు నాది కాబట్టి పోనిచ్చాను. ఆయన దాన్ని తన మీద వేసుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. యాభై ఏళ్ళ కిందటి తప్పు కన్నా మొన్నటి తప్పుకే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది. అప్పుడు భయపడ్డానని చెప్పుకోవచ్చు. ఇప్పుడు ఎవరికి భయపడ్డాను? ఒక గ్లాసు పచ్చడి పోతుందనా?

ఇది ఆయనకి చదివి వినిపిస్తానో లేదో తెలియదు. వినిపిస్తానని మీకు మాటిస్తే అది కూడా కథే అవుతుంది. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతుల్లో లేదు. పెంచకుండా, తగ్గించకుండా ఉన్నదున్నట్టు ఒక్కసారి నా చేత్తో రాయాలనుకున్నాను. రాస్తున్నాను.

సాయిలు కొడుకులు ఆ నిచ్చెనను ముట్టలేదు. ఆ రోజు వాళ్ళు మా గల్లీకే రాలేదు.