తమ్ముడి తొడలో దూది ఏకిన మోత

గాలి, ధూళి, దయ్యం అనే మాటలంటేనే నాకు చిరాకు. పొదిలిలో పురుగుమందుల కొట్టు నడుపుతున్నాను. డబ్బా మీద ఏం రాసుంటే అది నమ్ముతాను, అది కూడా కంపెనీని బట్టి. ఇందులో దయ్యం లేదు. ఉన్నా బాగుండేది, దాని మీదికి నెట్టేసి నా పని నేను చూసుకునేవాణ్ణి.

మా తమ్ముడు కాశిం ఊళ్లో మిరప వేశాడు. కాపు మీదున్న చేను అడవిపందులు తొక్కేస్తున్నాయని, వాడూ వాడి బావమరిది సైదా తెల్లవారుజామున కాపలాకి వెళ్లారు. సైదా దగ్గర లైసెన్సు లేని నాటు తుపాకీ ఉంది. మొక్కలు కదిలితే పంది అనుకుని పేల్చాడు. అక్కడున్నది కాశిం. ఒక గుండు కుడి తొడలో దిగింది.

ఆసుపత్రికి వెళ్తే పోలీసులొస్తారు, సైదా లోపలికి పోతాడు. అందుకని గడ్డపలుగు గుచ్చుకుందని చెప్పాలని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. రక్తం కారే మనిషిని మంచం మీద పడుకోబెట్టి కథ అల్లారు, మధ్యలో టీలు కూడా తాగారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సాయంత్రం కబురు తెలిసి వెళ్లి అందరినీ తిట్టాను. తిట్టి, నేనూ నోరు మూసుకున్నాను.

ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి కట్టు కట్టాడు. పైకి శనగగింజంత రంధ్రం, అంతే. అతను అటు వెళ్లగానే ఒకరు కట్టు విప్పి పసుపూ కాఫీపొడీ అద్దారు, ఇంకొకరు పొగాకు నానబెట్టిన నీళ్లు పిండారు. ఈగలు. ముక్కిపోయిన నెత్తుటి కంపు. మందుల కొట్లో బతికే ముక్కు నాది, అయినా ఆ గదిలో రెండు నిమిషాలు నిలబడలేకపోయాను. గుమ్మం దగ్గర నుంచే పలకరించి వచ్చేసేవాణ్ణి.

రంధ్రం మూసుకుంది. మూడో వారంలో దాని పక్కన నిమ్మకాయంత వాపు లేచి, రోజురోజుకీ పెరిగింది. పాదం చల్లగా ఉంటోందని కాశిం అనేవాడు, ఎవరూ వినిపించుకోలేదు. ఆర్‌ఎంపీ చూసి, "గడ్డండీ. చీము పట్టింది, కోసేస్తే పోద్ది" అన్నాడు. మా వైపు ఎండాకాలం వస్తే గడ్డ లేవని ఇల్లుండదు. కోయించుకుంటారు, వేపాకు ముద్ద పెట్టుకుంటారు. గడ్డ అన్న మాట వినగానే అందరి భయమూ పోయింది. నాదీ పోయింది.

ఆర్‌ఎంపీ చొక్కా జేబులోంచి బ్లేడు తీశాడు, పెన్ను పక్కనుంచి. నన్ను కాళ్లు పట్టుకోమన్నారు. మొహం పక్కకి తిప్పుకుని మోకాళ్లు అదిమి పట్టుకున్నాను.

అప్పుడు పెరట్లోంచి మా పెద్దమ్మ వచ్చింది. అమ్మకు అక్క, ఊళ్లో మా ఇంట్లోనే కాశిం దగ్గర ఉంటుంది. మావాళ్లది దూది ఏకే వృత్తి. పరుపుల కోసం విల్లు మీటుతూ దూది ఏకి ఏకి ఆమె సగం జీవితం గడిచింది. పదేళ్లుగా రెండు చెవులూ వినపడవు. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పేలినా తలెత్తలేదు. అలాంటిది, మిరపకాయల తొడిమలు తీస్తున్నదల్లా లేచొచ్చి, "ఎవరే ఇంట్లో దూది ఏకేది? ఆపమనండే, తల పగిలిపోతోంది!" అని అరిచింది.

మా ఇంట్లో విల్లే లేదు. అది చెదపట్టి ఎప్పుడో పొయ్యిలోకి పోయింది. అందరూ నవ్వారు. పెద్దమ్మ నేరుగా మంచం దగ్గరికొచ్చి వాపు వైపు వేలు చూపించింది. "ఇదిగో, ఇందులోనే ఏకుతున్నారు. ఒరేయ్, నీకు వినపళ్లా?" అంటూ నా చెయ్యి లాగి దాని మీద పెట్టింది.

మూడు వారాల్లో నేను ఆ తొడను తాకడం అదే మొదటిసారి. జిడ్డుగా, వెచ్చగా ఉంది. చర్మం కింద ఏదో ఆగకుండా జుయ్యిమంటోంది, తిరుగుతున్న మిక్సీ మీద చెయ్యి పెట్టినట్టు. చీము అలా అదరదు. ఆర్‌ఎంపీ చేతిలోంచి బ్లేడు లాక్కున్నాను.

కారు మాట్లాడి గుంటూరు తీసుకెళ్లాం. సర్జన్ గారు వాపు మీద స్టెతస్కోపు పెట్టి, కాసేపు విని, నా చెవులకూ ఇచ్చారు. ఆగని మోత, గుండె కొట్టుకున్నప్పుడల్లా పెరుగుతోంది. విల్లు మోతే.

గుండు ధమనినీ, దాన్ని ఆనుకుని ఉన్న సిరనీ రెండింటినీ చీల్చిందట. అవి ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని, పాదానికి పోవాల్సిన రక్తం అడ్డదారిన వెనక్కి పోతోంది. పక్కకి కారిన రక్తం సంచిలా ఉబ్బింది. ఇలా కావడం అరుదట, మొదట్లో బయటపడదట. "దీన్ని గడ్డనుకుని కోసుంటే మంచం మీదే పోయేవాడండి" అన్నారాయన. గడ్డపలుగు కథ ఎక్స్‌రే ముందు నిలవలేదు. ఆసుపత్రివాళ్లు పోలీసులకు చెప్పారు, సైదా ఊరు విడిచి పారిపోయాడు.

అతుక్కున్న నాళాలను విడదీసి, రెండో కాలి నుంచి సిర ముక్క తీసి ధమనికి వేయాలన్నారు. కాలు దక్కకపోవచ్చు, మనిషీ దక్కకపోవచ్చు అని నా చేత సంతకం పెట్టించుకున్నారు.

ఇంటి దగ్గర పెద్దమ్మ ఆ మోత భరించలేక చెవుల్లో దూది కుక్కుకుని తిరుగుతోందని, ఆమెకు తోడుగా ఊళ్లో ఉన్న మా ఆవిడ ఫోన్లో చెప్పింది. చెవిటి మనిషి!

ఆపరేషన్ రోజు మధ్యాహ్నం పన్నెండు దాటాక మా ఆవిడ ఏడుస్తూ ఫోన్ చేసింది. పెద్దమ్మ చెవుల్లో దూది పీకేసి, "ఆగిపోయింది, నా కాశిం పోయాడు" అని గుండెలు బాదుకుంటోందట. అది విని బంధువుల్లో ఒకాయన అప్పుడే టెంటు సంగతి కనుక్కుంటున్నాడట. థూ అనిపించింది. థియేటర్ తలుపు ముందు నిలబడ్డాను. తలుపు తట్టే ధైర్యం లేదు. గంటన్నర అలాగే ఉన్నాను.

సర్జన్ గారు మాస్కు దించుకుంటూ బయటికొచ్చారు. "మోత ఆగిందండి. పాదం వెచ్చబడింది" అన్నారు. సరిగ్గా ఎప్పుడు ఆగిందని అడిగాను. ఆయన నన్ను వింతగా చూసి, రక్తం ఆపడానికి నాళానికి క్లాంపు వేయగానే ఆగిందన్నారు, అప్పటికి పన్నెండు దాటి ఉంటుందన్నారు. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను.

కాశిం ఇప్పుడు చేలో తిరుగుతున్నాడు. పెద్దమ్మను ఒంగోలులో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మోతలు రాని గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. రెండు చెవుల్లోనూ ఏమీ మిగల్లేదన్నారు. కాగితం నింపుతూ, ఆమెకు చివరిసారి ఎప్పుడు వినపడిందని అడిగారు. అబద్ధాలాడారని మావాళ్లను అన్నాళ్లు అసహ్యించుకున్నవాణ్ణి, "పదేళ్ల కిందటండి" అనేసి బయటికొచ్చాను. నిజమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.