దావాల కంపెనీలో వాటా

మా వంశంలో షేర్లు కొన్న మొదటివాణ్ణి నేను. కొన్నది దావాల కంపెనీ. ఎవరి పక్షానో న్యాయం ఉండి, కోర్టుకు వెళ్ళే స్తోమత లేకపోతే, ఈ కంపెనీ ఆ ఖర్చంతా భరిస్తుంది. గెలిస్తే వచ్చినదాంట్లో వాటా తీసుకుంటుంది, ఓడితే పెట్టిన సొమ్ము వదులుకుంటుంది. దాని షేర్లు లండన్ మార్కెట్లో దొరుకుతాయి, దోహాలో కూర్చుని ఫోన్లో కొనుక్కోవచ్చు. విన్నరోజే కొన్నాను. మూడు తరాలు కోర్టు మెట్లు ఎక్కి దిగిన ఇంటివాణ్ణి. మాలో ఒక్కడైనా వ్యాజ్యం వల్ల బాగుపడే పక్షాన ఉంటే చూడాలనిపించింది.

ఈ కంపెనీ సంగతి నాకు చెప్పింది భీమవరం వైపు నుంచి వచ్చిన ఒక అకౌంటెంటు. దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్‌లో మా బిల్డింగ్‌లోనే పై అంతస్తులో ఉంటాడు. భార్య నర్సు. సెలవురోజైన శుక్రవారం పొద్దున ఇద్దరూ చర్చికి వెళ్ళి, అక్కణ్ణుంచి నేరుగా నజ్మాలోని ఆంధ్రా మెస్‌కు వస్తారు. నేనూ అక్కడికే వెళ్తాను. జుమ్మా నమాజు అయ్యేదాకా షట్టర్లు తెరవరు కాబట్టి బయట గోడ నీడన నిలబడతాం. శుక్రవారం కూడా నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని మణికట్టు దాకా గుండీలు పెట్టుకుంటాను. "బాబుగారు దర్బారుకి బయల్దేరారండీ" అంటాడు అకౌంటెంటు. అననివ్వండి. కంపెనీలో నేను డ్రాయింగులకు నంబర్లు వేసి దాచే గుమాస్తానే కావచ్చు, మా తాతగారు మాత్రం చొక్కా చేతులు మడుచుకుని ఎవరి ఎదుటా నిలబడలేదు.

మా బల్ల దగ్గర నాలుగో మనిషి జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఫోర్మన్. కట్టే బిల్డింగుల చుట్టూ ఇనుప పైపులతో మంచెలు కట్టించడం అతని పని. ఒకప్పుడు మా సైటులోనే ఉండేవాడు. ఇప్పుడు ఇండస్ట్రియల్ ఏరియా క్యాంప్ నుంచి శుక్రవారం బస్సెక్కి మా కోసమే వస్తాడు. అతనికి షేర్లు లేవు. మేం వాదించుకుంటుంటే వినడం అతనికి సరదా.

ఆ వేసవిలో వాదనంతా ఒక్క కేసు మీద నడిచింది. ఎక్కడో ఒక గని లాక్కున్నారని ఒకాయన వేసిన దావాకు మా కంపెనీ ఏళ్ళ తరబడి డబ్బు పోస్తోంది. తీర్పు నేడో రేపో అన్నారు.

"గెలిచిందంటే షేరు మన చేతికి అందదండి," అన్నాడు అకౌంటెంటు, గోంగూర కలుపుకుంటూ.

"ఓడిపోతేనో?" అంది భార్య.

"ఊరికే తీసుకుంటారా కేసులు? వంద తిరగేసి నాలుగు ఏరుకుంటారు. నువ్వు చీరలు ఏరినట్టు."

"నేను ఏరిన చీరలకన్నిటికీ మీరే కదా వంక పెట్టేది."

ఫోర్మన్ చెయ్యి నోటి దగ్గరే ఆపి నవ్వాడు. "అక్కా, గిది హైకోర్టు తీర్పు లెక్కున్నది." తర్వాత నా వైపు తిరిగాడు. "సార్, కోర్టు ముచ్చట మీకెరుక. మీరేమంటరు?"

అలా అడిగితే నేను ఊరుకోలేను. గోదావరి మధ్యలో మాకొక లంక ఉండేదని, పక్క ఊరివాళ్ళు అది తమదన్నారని, తాతగారు జిల్లా కోర్టులోనూ హైకోర్టులోనూ పోరాడి గెలిచారని చెప్పాను. గెలిచినట్టు టెలిగ్రాం వచ్చిన రోజున బ్యాండు మేళంతో ఊరేగింపు జరిగిందనీ, ఊరందరికీ మా లోగిట్లో భోజనాలు పెట్టారనీ, బాణాసంచా అవతలి ఒడ్డుకు కనిపించిందనీ చెప్పాను. ఇవన్నీ నిజాలే. ఎవరికి చెప్పినా నేను బాణాసంచా దగ్గర ఆపుతాను. దాని తర్వాత జరిగింది మా ఇంటి సంగతి.

రెండు వారాలు గడిచాయి. ఆ శుక్రవారం ఫోర్మన్ మాకంటే ముందే వచ్చి గోడ నీడన నిలబడి ఉన్నాడు.

"సార్, ఖలాస్. ఇగ పోతున్న," అన్నాడు. కంపెనీ కాంట్రాక్టు అయిపోయింది, నెలాఖరుకు ఇంటికి. పద్నాలుగేళ్ళ సర్వీసు డబ్బు ఒకేసారి చేతికొస్తోంది. బావతో కలిసి సగం సగం పెట్టి వరికోత మిషన్ కొనాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాడు. బావ ఊళ్ళో అప్పుడే 'దుబాయ్ బామ్మర్ది మిషన్ తెస్తుండు' అని చాటేశాడట; వాళ్ళ ఊరికి గల్ఫ్ అంతా దుబాయే. అదంతా మాకు తెలిసిందే. కొత్త సంగతి తర్వాత చెప్పాడు.

"అచ్చే ఫులూస్ మొత్తం మీ దావాల కంపెనీల పెడ్త. తీర్పు అస్తె డబల్ అయితది గద. మిషన్ల సగమెందుకు, మొత్తం నాదే కొంట. అకౌంటెంట్ అన్న ఫోన్ల అకౌంట్ తెరిపిస్తనన్నడు."

"ఇంత ధైర్యం ఎలా వచ్చింది?" అన్నాను.

"మీ తాత ముచ్చటతోనే, సార్. న్యాయమున్నోడు గెలుస్తడని మీరే చెప్తిరి గద."

ఆ రోజు నేను అన్నం సగమే తిన్నాను. నర్సు నా వైపు ఒకటి రెండుసార్లు చూసి, షుగర్ చూపించుకున్నారా అన్నయ్యగారూ అని అడిగింది. చూపించుకుంటానన్నాను.

వారమంతా ఆఫీసులో డ్రాయింగులకు తప్పుడు నంబర్లు వేశాను. అతని డబ్బుతో నాకేం పని అని నాకు నేను చెప్పుకున్నాను. పెద్దవాడు, మంచెలు కట్టించినవాడు, ఏది నిలుస్తుందో ఏది కూలుతుందో తెలిసినవాడు. కానీ ఈ మంచెకు కింద కొయ్య నేను పాతాను. బాణాసంచా దగ్గర ఆపకుండా ఉంటే అతను ఈ పని తలపెట్టేవాడు కాదు. మా ఇంటి పరువు అతని మిషన్ మీద నిలబడి ఉందన్నమాట. అది మా తాతగారు కూడా ఒప్పుకోరు.

శుక్రవారం భోజనాలు రాకముందే మొదలుపెట్టాను. "ఆ లంక కథ కొంచెం మిగిలింది," అన్నాను.

"ఇంకానా," అన్నాడు అకౌంటెంటు. "ఊరేగింపులో ఏనుగు కూడా ఉందేమో."

"గెలిచాక ఏం జరిగిందో చెప్తాను. తీర్పు వచ్చింది కానీ భూమి రాలేదు. స్వాధీనం చేయించమని మళ్ళీ కోర్టుకే వెళ్ళాలి. అవతలివాళ్ళు దానికీ అడ్డం వేశారు. అలా పదకొండేళ్ళు. ఆఖరికి స్వాధీనం ఇప్పించే కోర్టు అమీను డప్పు వేయించుకుంటూ రేవుకు వచ్చి, పడవెక్కి, భూమి ఎక్కడండీ అని అడిగాడు."

"ఎక్కడుంది?" అంది నర్సు.

"నదిలో ఉంది. మూడు వరదలకు లంక కోసుకుపోయింది. అమీను పడవలోనే కాగితం రాసి తాతగారి చేత సంతకం చేయించుకున్నాడు. నీళ్ళను స్వాధీనం చేసుకున్నాం మేము."

సర్వరు పప్పు గిన్నె పెట్టి వెళ్ళాడు. నేను ఎప్పటికంటే నిటారుగా కూర్చుని ఉన్నానని నాకే తెలుస్తోంది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. మొదట నవ్వింది ఫోర్మనే. నోరు మూసుకుని, భుజాలు కదిలిస్తూ, ఆపుకోలేక బల్ల మీదికి వంగిపోయాడు.

"సార్, ఏమనుకోకుండ్రి. అమీను పడవల నిలబడి భూమేదని అడుగుడు నా కండ్ల ముంగట కనబడుతున్నది."

నాకు కోపం రావాలి. రాలేదు. ఇన్నేళ్ళూ ఆ దృశ్యాన్ని నేనెప్పుడూ అటువైపు నుంచి చూడలేదు. తాతగారు పడవలో గొడుగు కింద కూర్చుని నీళ్ళకు సంతకం చేస్తున్నారు. నేనూ నవ్వాను.

నర్సు మాత్రం ఆలోచిస్తోంది. "మరి కేసుకి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

"ఊళ్ళో ఒక మిల్లు ఆసామి ఇచ్చాడు. కొబ్బరితోట అతనికి వెళ్ళింది. తర్వాత లోగిలి కూడా."

అకౌంటెంటు బల్ల మీద చెయ్యి వేశాడు. "చూశారా మరి. కేసుకి డబ్బు పెట్టినవాడు బాగుపడ్డాడు. మన కంపెనీ ఆ మిల్లు ఆసామి అన్నమాట. ఇందులో భయపడాల్సింది ఏవుందండి?"

నిజం చెప్పాలంటే ఇది నాకు తట్టలేదు. బల్ల అటువైపు ఒరిగింది. ఫోర్మన్ కళ్ళలో మళ్ళీ మొత్తం మిషన్ మెరిసింది. నేను పప్పు వడ్డించుకుంటూ కాస్త వ్యవధి తీసుకున్నాను.

"మిల్లు ఆసామి లంకను చూసి ఇవ్వలేదు," అన్నాను. "తోట రాయించుకుని ఇచ్చాడు. కేసు ఏమైనా అతనికి తోట ఉంది. మన కంపెనీ చేతిలో ఏం తోట ఉంది?"

అకౌంటెంటు కొంచెం తడుముకున్నాడు. "కేసు ఉంది కదండీ."

"అంటే లంక," అన్నాడు ఫోర్మన్ నెమ్మదిగా. "వీళ్ళు పెట్టింది లంక మీదనే."

"అన్ని లంకలూ కోసుకుపోవు తమ్ముడూ," అన్నాడు అకౌంటెంటు. అది కూడా నిజమే, నేను ఒప్పుకున్నాను. కొన్నిట్లో బంగారంలాంటి పొగాకు పండుతుంది. కాకపోతే పద్నాలుగేళ్ళ డబ్బు పాతేముందు వరద చూసుకోవాలి, అంతే.

ఫోర్మన్ పెరుగు కలుపుకున్నాడు. తర్వాత తలెత్తి నన్నే చూశాడు. "మరి మీరెందుకు పెట్టిండ్రు సార్?"

"మా ఇంట్లో అలవాటు," అన్నాను.

ఆ మాటకు మెస్ యజమాని కూడా కౌంటరు దగ్గర నవ్వాడు. బిల్లు ఎవరిస్తారని ఆ రోజు పెద్ద పేచీ పడ్డాం.

పది రోజులకు తీర్పు వచ్చింది. మా కంపెనీ పక్షమే గెలిచింది. పొద్దున్నే అకౌంటెంటు మెట్లు దిగి వచ్చి, తలుపు కొట్టి, ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. షేరు ధర గీత నిటారుగా పైకి లేచి ఉంది. షేర్లు నావి కొన్ని, అతనివి చాలా. అతను సంతోషంగా ఉన్నాడు. నాకు మాత్రం ఒక్క మనిషే గుర్తొచ్చాడు. నా మాట విని ఆగిపోయిన మనిషి.

మా ఇంట్లో ఎవరూ ఎవరినీ క్షమాపణ అడిగినట్టు నేను వినలేదు. అడిగే పద్ధతి కూడా నాకు తెలియదు. సాయంత్రం డ్యూటీ దిగాక ఇండస్ట్రియల్ ఏరియాకి బస్సెక్కాను. క్యాంప్ గదిలో ఫోర్మన్ బనీనుతో చెమటలు కక్కుతూ పెద్ద అట్టపెట్టెలో సామాను కూరుతున్నాడు. దుప్పట్లు, టాంగ్ పౌడరు డబ్బాలు, ఇస్త్రీపెట్టె. నన్ను చూసి ఒక కుర్చీ మీది బట్టలు తీసి మంచం మీద పడేశాడు.

"తీర్పు వచ్చింది," అన్నాను. "నేను చెప్పింది తప్పయింది. నువ్వు పెట్టి ఉంటే..."

"అన్న పొద్దుగాల్నే ఫోన్ చేసిండు సార్. అవతలోళ్ళు పైకోర్టుకు పోతమన్నరట గద."

"పోతారు. అయినా షేరు పెరిగింది."

"పెరగనీయుండ్రి. మంచిదే." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కొంచెం సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "మీతోని ఒకటి చెప్పలె. పెద్ద పైసలు బావకు పంపిన. గానీ పది షేర్లు మాత్రం కొన్న. మీరు గంత చెప్పినంక కూడ. పొద్దుగాల్నే అమ్మేసిన. ఆ పైసలతోని ఇంటామెకు గిదిగో, సెంటు సీసలు."

పెట్టెలో దుప్పటి మడతల మధ్య మూడు సీసాలున్నాయి. ఇంతదూరం బస్సులో నేను కూడబలుక్కుంటూ వచ్చిన మాటలు ఇక అక్కర్లేకపోయాయి.

తర్వాత ఫోన్లో వీడియో చూపించాడు. బావ ఇంటి ముందు కోత మిషన్, ముందు భాగానికి పసుపు, కుంకుమ, దండ. పిల్లలు చుట్టూ తిరుగుతున్నారు. ఎవరో పెద్దాయన టైరును చేత్తో తట్టి చూస్తున్నాడు. ఫోర్మన్ ఆ వీడియోను నాకోసం రెండోసారి పెట్టాడు. అందులో డ్రైవరు సీటు కనిపించే చోట వేలుతో ఆపాడు.

"సగమే సార్. గానీ బావకు నడుప రాదు. నడిపేది నేనే."

బాగుందన్నాను. మనసారానే అన్నాను. అతను పెట్టె దగ్గరికి వెళ్ళి రెండు చేతులతో మూత నొక్కి చూశాడు. మూత పడలేదు.

"జర గీ పెట్టె మీద కూసుంటరా సార్? తాడు కడ్త."

నేను ఇస్త్రీ ప్యాంటుతో వెళ్ళి అట్టపెట్టె మీద కూర్చున్నాను. అతను నా కాళ్ళ వెనక నుంచి పెట్టె చుట్టూ తాడు తిప్పుతూ, కొంచెం ఎడమకు జరగమన్నాడు. జరిగాను.