మనిషికి రాసిన ఇస్త్రీ చీటీ

ఇస్త్రీ మామ కోతలు మొదలుపెడితే వినేవాళ్లకు చెవులుంటే చాలదు, ఓపిక కూడా కావాలి. తన ఇస్త్రీ పెట్టె వేడికి ఓసారి వాన సగం దారిలోనే ఆవిరైపోయిందంటాడు. ఒక పెళ్లికొడుకు ప్యాంటుకు తాను పెట్టిన మడతతో విందులో యాపిల్ పళ్లు కోశారంటాడు. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారితో పొసగక బడినే వదిలేశానని చెప్పుకుంటాడు. ఎవరు ఎవరిని వదిలారో వీధందరికీ తెలుసు.

ఇంత కోతల మనిషీ చీటీ మీద మాత్రం ఒక్క అబద్ధం రాయడు. కొట్టు పెట్టిన కొత్తలో ఒకాయన సిల్కు చొక్కా తెచ్చి ఇచ్చాడు. దానికి ముందే ఉన్న చిల్లును మామ నెత్తిన రుద్దాడు. రుజువు లేక, చెయ్యని తప్పుకు నలుగురిలో చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఆనాటి నుంచి ఏ బట్ట వచ్చినా ఇచ్చినవాళ్ల ఎదుటే విప్పి, వెలుతురుకు పట్టి చూస్తాడు. కాలర్ అరిగిందా, రెండో గుండీ ఊడిందా, జేబు దగ్గర సిరా మరకుందా, అన్నీ రాసి సంతకం పెట్టించుకుంటాడు. ఇరవై రెండేళ్లుగా ఇదే పద్ధతి.

ఒకరోజు పొద్దున పదకొండింటికి మామ భార్య వగరుస్తూ కొట్టుకు వచ్చింది. ఆమె తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. అతను పనిచేసి వచ్చిన ఇంట్లో నగలు పోయాయని పోలీసులు స్టేషన్‌కు తీసుకుపోయారట. ఆమె భయం నగల గురించి కాదు. నిరుడు అదే స్టేషన్‌కు వెళ్లిన రంగులేసే మనిషి చెయ్యని దొంగతనం ఒప్పుకుని బయటికొచ్చాడు. అసలు దొంగ దొరికాక అతని మీద కేసు పోయింది కానీ, ఆ చేతులు మళ్లీ కుంచె పట్టలేకపోయాయి.

మామ పెట్టెను పక్కన నిలబెట్టి, పోలీసు కేసులు వాదించే లాయరమ్మకు ఫోన్ చేశాడు. ఆవిడ నల్లకోట్లు ఉతికి ఇస్త్రీ చేసేది అతనే. కోటు చల్లారేదాకా బల్ల మీద కూర్చుని ఆవిడ చెప్పిన సంగతులన్నీ అతనికి గుర్తున్నాయి. పట్టుకున్న మనిషిని డాక్టరుకు చూపించాలి. ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్లకు చెప్పాలి. లాయరును కలవనివ్వాలి. రోజు తిరిగేలోగా న్యాయమూర్తి ముందు నిలబెట్టాలి. దొంగైనా సరే, కొట్టి మాట చెప్పించే హక్కు ఎవరికీ లేదు. అలా చెప్పించిన మాట చెల్లదు.

భార్యకు ఇదంతా విని నమ్మకం కుదరలేదు. "ఏమయ్యా, ఇది కూడా యాపిల్ కోతేనా?" అంది.

"కాదే. ఇది నా మాట కాదు, చట్టం మాట" అన్నాడు మామ.

లాయరమ్మ రెండింటికి గానీ రాలేనంది. అందాకా బావమరిదిని కళ్ల ముందు నుంచి కదలనివ్వొద్దని చెప్పింది. మామ చీటీల పుస్తకం చంకన పెట్టుకుని బయలుదేరాడు.

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టరు ముందురోజు మామ ఇస్త్రీ చేసిన చొక్కాతోనే కూర్చున్నాడు. మూలన బల్ల మీద బావమరిది ముడుచుకుని ఉన్నాడు. వచ్చిన పనేమిటని ఇన్‌స్పెక్టరు అడిగితే, మామ పుస్తకం తెరిచి కలం తీశాడు.

"మా వాణ్ణి మీ దగ్గర వదిలి వెళ్లాలిగా సార్. చీటీ రాద్దాం."

"మనిషికి చీటీ ఏంటయ్యా?"

"మీ ప్యాంటు అంచు చిరిగుందని పోయిన వారం రాసుకున్నాం, మీరే సంతకం పెట్టారు. ప్యాంటుకే అంత జాగ్రత్త పడ్డామే, వీడు నా పెళ్లాం తమ్ముడాయె."

వెనకున్న గుమాస్తా నవ్వాపుకోలేక ఫైల్లో తలదూర్చాడు. ఇన్‌స్పెక్టరు మొహం మాత్రం గట్టిపడింది. చట్టం నువ్వు నేర్పుతావా అని గద్దించాడు. మామ చీటీ మీద తేదీ వేశాడు.

"నాకు ఎనిమిదో తరగతి లెక్కలే సరిగ్గా రావు సార్. రెండింటికి లాయరమ్మ వస్తోంది, ఆవిడ నేర్పుతుంది. డాక్టరు రాసేలోగా నేను రాస్తా."

ఇన్‌స్పెక్టరు గోడ గడియారం వైపు చూశాడు, తర్వాత చీటీ వైపు. కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు. మామ బావమరిది చొక్కా విప్పించి, కిటికీ వెలుతురులో చుట్టూ తిప్పి రాశాడు. ఎడమ మోచేతి మీద పాత కాలిన మచ్చ. కుడి బొటనవేలి గోరు నలుపు. ఇంకెక్కడా మరక లేదు, చిరుగు లేదు.

"మీసం కూడా రాయి బావా" అన్నాడు బావమరిది, ఎండిపోయిన గొంతుతో.

"ఉన్నవే రాస్తాను" అన్నాడు మామ.

ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టాడు. వారం వారం పెట్టిన అలవాటో, రెండింటికి వచ్చే లాయరమ్మో, ఏది పెట్టించిందో ఆయనకే తెలియాలి. లాయరమ్మ వచ్చి బావమరిదిని ఆసుపత్రికి పంపేలా చూసింది. డాక్టరు కాగితంలో ఉన్నవీ అవే మాటలు. ఆ రెంటినీ ఆవిడ పిన్నుతో కలిపి గుచ్చింది.

మర్నాడు పొద్దున న్యాయమూర్తి ఆ కాగితాలు చూసి, నిన్నెవరైనా కొట్టారా అని బావమరిదిని నేరుగా అడిగింది. కేకలేశారు గానీ చెయ్యి వెయ్యలేదన్నాడు. జామీను మీద పంపించింది. తర్వాతెప్పుడో ఆ నగలు ఇంటివాళ్ల అటక మీదే దొరికాయి.

కోర్టు వరండాలో మామ బావమరిదిని మళ్లీ ఎండకు తిప్పి, పుస్తకంలో మిగిలిన చీటీ నకలుతో సరిచూశాడు. మెడ మీద రెండు దోమకాట్లు అదనంగా తేలాయి. అవీ రాశాడు. పక్కన నిలబడ్డ భార్య నిన్నటి నుంచి మొదటిసారి నవ్వింది.

ఇప్పుడు మామ ఆ కథ చెబితే స్టేషన్‌లో నలభై మంది లేచి సెల్యూట్ కొడతారు. ఇన్‌స్పెక్టరు కుర్చీ కూడా ఇచ్చేస్తాడు. భార్య అడ్డురాదు, పక్కన బట్టలు మడతపెడుతూ వింటుంది. కానీ మేకుకు గుచ్చిన ఆ చీటీలో దోమకాట్లు రెండైతే రెండే. మూడంటే చీటీ ఒప్పుకోదు.