నీళ్ళలోకి దిగని పెద్దకోడలు

పెద్దకోడలికి సిటీ బస్సు నడపడం ఇరవై ఏళ్ళ అలవాటు. ఇరుకు సందులో ఎదురుగా లారీ వచ్చినా, వెనక బళ్ళు హారన్లతో హోరెత్తించినా చెయ్యి వణకదు. అందుకే సెలవులకు ఇంటిల్లిపాదీ బయల్దేరినప్పుడు, మంచాలూ పొయ్యీ లోపలే ఉన్న ఆ అద్దె క్యాంపర్ వ్యానుకు ఆమే డ్రైవరు. ఇంటిల్లిపాదీ అంటే ఆమె, భర్త, మరిది, మరిది భార్య. సముద్రం ఒడ్డున పార్కు తర్వాత పార్కు చూసుకుంటూ పోవాలి, వీలైన చోటల్లా స్కూబా డైవింగు చెయ్యాలి. ఈ ఏర్పాటంతా చిన్నకోడలిదే.

మొదటి పార్కులోనే దెబ్బ తగిలింది. డైవింగు నేర్పే ఆయన ఆరోగ్యం సంగతులు అడుగుతుంటే, చిన్నప్పుడు చీము పట్టి ఎడమ చెవి కర్ణభేరికి చిల్లు పడిందని పెద్దకోడలు చెప్పింది.

"అయితే మీరు దిగకూడదమ్మా," అన్నాడాయన.

మిగతా ముగ్గురూ దిగారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. చెవి మోసం చేసినందుకు ఆమెకు అంత బాధ లేదు. చిన్నకోడలు నవ్వుకుంటూ నీళ్ళపైకి తేలిందే, అక్కడ మండింది.

ఇక రోజూ అదే వరస. తడి రబ్బరు సూట్లు తెచ్చి ఆమె స్టీరింగుకే తగిలించేవారు. భోజనాల దగ్గర తాబేళ్ళ కబుర్లే.

"ఈ అమ్మాయి నీళ్ళలో కాళ్ళాడించే తీరు చూడాలి నువ్వు!" అని మురిసిపోయాడు భర్త.

ఇరవై ఏళ్ళలో ఆమె బస్సు నడిపే తీరు గురించి ఒక్క మాటన్న పాపాన పోలేదు ఆ మహానుభావుడు. ఆ పూట గిన్నెలు కావాలనే చప్పుడయ్యేలా కడిగింది.

ఈ ప్రయాణంలో ఆమె కోరింది ఒక్కటే. చివరి పార్కు వెనక ఎత్తయిన కొండ, దానిమీదికి మెలికలు తిరిగిన దారి. ఆ దారిలో వ్యాను నడపాలి, ముగ్గురూ కూర్చుని చూడాలి. డైవింగు చేసిన రోజు ఎత్తుకు ఎక్కితే ఒంట్లో చేరిన గాలి బుడగలై ప్రాణం మీదికి వస్తుందట. అందుకని ఆ రోజు ఎవరూ నీళ్ళలోకి దిగకూడదని ముందే అనుకున్నారు.

తీరా ఆ రోజు ఆమె టైర్లు చూసుకుని, అద్దాలు తుడిచేసరికి భర్తా మరిదీ ఒంటినిండా నీళ్ళు కారుతూ వస్తున్నారు.

"కోప్పడకు వదినా. మునిగిపోయిన ఓడ చూపిస్తామన్నారు, పడవలో మూడు సీట్లు ఖాళీగా ఉన్నాయన్నారు..." మరిది నసిగాడు.

"కొండకి రేపు పోదాంలే," అన్నాడు భర్త.

"రేపు పొద్దున్నే వ్యాను అప్పగించాలి కదండీ!" అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆ మహాతల్లి ఏదీ? ఇంకా చేపలతో ముచ్చట్లాడుతోందా?"

"తను దిగలేదు," అన్నాడు భర్త, తల దించుకుని. "ఎంత చెప్పినా వినలేదు. అందరం దిగితే కొండకి అక్క ఒక్కతే పోవాల్సొస్తుందంది."

అంతలో చిన్నకోడలు పార్కు కుళాయి దగ్గర సీసాల్లో నీళ్ళు పట్టుకుని వచ్చింది. "పోదామా అక్కా?"

పెద్దకోడలి కళ్ళు చెమర్చబోయాయి. అంతకంటే ముందే కడుపు రగిలింది. మంచితనంలోనూ తనకంటే ముందుండాలా ఈ పిల్ల! ఇన్నాళ్ళూ మనసులోనైనా తిట్టుకునేది. ఇప్పుడు ఆ దారీ మూసుకుపోయింది.

"ఎక్కు," అంది ముభావంగా.

అన్నదమ్ములిద్దరినీ కిందే వదిలి సగం కొండ ఎక్కాక మలుపులో లారీ ఎదురైంది. ఒక పక్క బండరాయి, ఒక పక్క లోయ. ఆమె అద్దాల్లో చూసుకుంటూ అంత వ్యానునీ మెల్లగా వెనక్కి నడిపి, రాయికి ఆనించినట్టు నిలబెట్టింది. లారీ గీత పడకుండా దాటిపోయింది.

చిన్నకోడలు నోరు తెరుచుకుని చూస్తోంది. "అమ్మో! నీలాగా ఎవరు నడుపుతారక్కా!"

పెద్దకోడలు గేరు మార్చింది. ఇరవై ఏళ్ళుగా ఆ మాట కోసమే చూసింది. రాక రాక వచ్చింది, అదీ ఈ పిల్ల నోటినుంచి.