మేడమీది వాళ్ళకు ఆరు నెలల గడువు

బిలాస్‌పూర్‌లో తోర్వా అనే పేటలో ఉండే కనకానికి ఇల్లు ఖాళీ చెయ్యమనే కాగితం అంటే ఏనాడూ భయం లేదు. బొబ్బిలి పక్క పల్లెటూరి నుంచి పదిహేడో ఏట రైల్వే గార్డు అప్పలకొండ చెయ్యి పట్టుకుని వచ్చిన మనిషి. నలభై ఏళ్ళలో నాలుగు క్వార్టర్లు మారింది. ప్రతిసారీ ఆఫీసు నుంచి కాగితం వచ్చేది, అందులో ఒక తేదీ ఉండేది, ఆ తేదీ దాకా నిక్షేపంగా ఉండేవారు. ఆఖరి రోజు కంటే ముందు క్వార్టరు వదిలిన మనిషి ఆవిడ ఎరుకలో లేడు. ఆ కాగితం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్న వాళ్ళూ లేరు. సరిగ్గా ఈ అలవాటే ఆవిడ కొంప ముంచింది.

రిటైరయ్యాక అప్పలకొండ, అతని తమ్ముడు పైడిరాజు కలిసి చిన్న మేడ కట్టారు. కింద అన్నది, పైన తమ్ముడిది అనుకున్నారు. కాగితాలు మాత్రం అన్న పేరునే ఉండేవి, ఆయన పోయాక కనకం పేరుకు మారాయి. పైడిరాజు రాయపూర్‌లో ఉంటాడు కాబట్టి పైవాటాను కనకమే అద్దెకిచ్చేది. మూడేళ్ళ కిందట బ్యాంకు ఉద్యోగి జయప్రకాష్‌కీ అతని భార్య ప్రత్యూషకీ పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఇచ్చింది. పదకొండు నెలలు ఎప్పుడు నిండాయో ఎవరూ చూసుకోలేదు. ప్రత్యూషకు తల్లి లేదు, కనకానికి పిల్లల్లేరు. అలాంటి ఇద్దరు ఆడవాళ్ళు ఒకే మెట్లకు కిందా పైనా ఉంటే అగ్రిమెంటు ఎవరికి గుర్తుంటుంది?

నిరుడు శ్రావణంలో ప్రత్యూష నెల తప్పింది. నోటికి ఏదీ సహించడం లేదంటే కనకం మోకాళ్ళ నొప్పితోనే బుధవారీ బజారుకు పోయి, అక్కడ అమారీ భాజీ అని అమ్మే గోంగూర తెచ్చి పచ్చడి నూరింది. పిల్ల లొట్టలేసుకుంటూ తింటుంటే పక్కన కూర్చుని, "అమ్మ నేదని బెంగెట్టుకోకు. నీకు పురుడు నాను పోస్తాను. పిల్లకి నీళ్ళోసేది కూడా నానే" అంది. ప్రత్యూష ముద్ద చేతిలో పట్టుకునే ఏడ్చింది. కనకం జన్మలో అంత తీపి మాట అంతకుముందు ఎవరితోనూ అనలేదు, ఎవరూ ఆవిడతో అనలేదు.

కార్తీకం వచ్చేసరికి ప్రత్యూషకు నాలుగో నెల. అప్పుడే పైడిరాజు ఫోను చేశాడు. కొడుకు దిలీప్‌కు బిలాస్‌పూర్ బదిలీ కాబోతోంది, పైవాటా కావాలి.

"వదినా, అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది కదా. రేపే ఎల్లమను" అన్నాడు.

అతను అడిగింది అతని ఇల్లే. కనకం కాదనలేకపోయింది. కోర్టు దగ్గర కూర్చునే వకీలు రాజేంద్ర దగ్గరకు కాళ్ళీడ్చుకుంటూ పోయింది. ఆయన అంతా విని హిందీలో నిదానంగా చెప్పాడు. గడువు తీరాక కూడా అద్దె తీసుకుంటూ వచ్చారు, వాళ్ళు ఉంటూ వచ్చారు, కాబట్టి అద్దె ఒప్పందం సాగుతున్నట్టే లెక్క. రేపే పొమ్మంటే కుదరదు. రాతలో నోటీసు ఇవ్వాలి, చట్టం చెప్పినదానికి తగ్గకుండా సమయం ఇవ్వాలి, అందినట్టు రుజువు ఉండాలి.

కనకానికి ప్రాణం లేచొచ్చింది. చట్టం ఇంత మంచిదని ఆవిడ అనుకోలేదు. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది. కాన్పు, ఇరవై ఒకటో రోజున ఉయ్యాల, అన్నీ ఈ మేడలోనే అయిపోతాయి.

"ఆరు నెలలు రాయండి బాబూ. తక్కువ రాయొద్దు" అంది హిందీలో.

పైడిరాజు నసిగాడు గానీ చట్టం పేరు చెప్పేసరికి అచ్ఛా అన్నాడు. కింది వాటా నుంచి పై వాటాకు పోవలసిన కాగితం పెద్ద పోస్టాఫీసు చుట్టూ తిరిగి రిజిస్టర్డ్ పోస్టులో వెళ్ళింది. నోరుంటే తలకాస్తుందంటారు. ఏళ్ళ తరబడి మెట్ల మీంచి కేకలేసి మాట్లాడిన కనకానికి ఆ నాలుగు రోజులే నోరు పడిపోయింది. ముందు కాగితం అందనీ, తర్వాత కూర్చోబెట్టి చెబుదాం అనుకుంది. రైల్వేలో అలాగే కదా జరిగేది!

ప్రత్యూష క్వార్టర్లలో పెరగలేదు. ఒంగోలులో అద్దె ఇళ్ళలో పెరిగిన బడిపంతులు కూతురు. ఆ వీధుల్లో ఓనరు నోటీసు పంపాడంటే ముందు పెద్ద తగాదా అయి ఉండాలి. సంతకం పెట్టి కాగితం తీసుకుని, చదివి, తలుపేసుకుంది. సాయంత్రం కనకం పైకెళితే తలుపు తియ్యలేదు. మర్నాడు జయప్రకాష్ కిందికొచ్చి, నేల చూస్తూ, పది రోజుల్లో వెళ్ళిపోతామని చెప్పాడు.

సామాన్ల బండి వచ్చిన రోజున కనకం మెట్లకు అడ్డంగా నిలబడింది.

"ఏటమ్మా ఇది? ఆరు నెలలుంది కదా! ఆకరు తేదీ దాకా ఎవలైనా కాళీ సేస్తారా? నీ కోసమే కదే అంత రాయించినాను!"

ప్రత్యూష పై మెట్టు మీదే ఆగింది. "పొమ్మని కాగితం పంపాక ఒక్క పూటైనా ఎట్లా ఉంటాను పిన్నీ? ఒక్క మాట నోటితో చెప్పి ఉంటే ఆరు నెలలూ ఉండేదాన్ని."

కనకం పక్కకు తప్పుకుంది.

దిలీప్‌కు బదిలీ ఉత్తర్వు ఆలస్యమైంది. పైవాటా తాళం వేసే ఉంది. వేరే అద్దెకైనా ఇవ్వమని పైడిరాజు పోరితే, "గడువు తీరనీ. అందాకా అది ఆ పిల్లదే" అని కనకం ఫోను పెట్టేసింది. రోజూ పొద్దున్నే పైకెళ్ళి ఖాళీ గదులు ఊడ్చి వచ్చేది. ఇంత పిచ్చిదేమిటని చుట్టుపక్కల నవ్వారు. నవ్వనీ.

నోటీసు గడువు ఇంకా ఇరవై రోజులుండగా, ప్రత్యూషకు ఆడపిల్ల పుట్టి వారమైందని, వాళ్ళకూ పాలు పోసే పాలవాడు చెప్పాడు. కనకం నేతచీర చింపి పొత్తిగుడ్డలు చేసుకుని ఆటోలో సర్‌కండాలో వాళ్ళ కొత్త ఇంటికి పోయింది. జయప్రకాష్ మర్యాదగా లోపలికి పిలిచి కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. పెరటి గడప దగ్గర జీతానికి కుదిరిన మనిషి కాళ్ళు చాపుకుని పసిదానికి నీళ్ళు పోస్తోంది. పిల్ల కీచుకీచుమంటోంది. కనకం చేతులు ఒళ్ళోంచి తమంతట తామే లేచాయి. మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

"ఎవరమ్మా వీరు?" అడిగింది నీళ్ళు పోసే ఆవిడ, హిందీలో.

మంచం మీంచి ప్రత్యూష చెప్పింది. గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"మా పాత ఇంటి ఓనరు."

కనకం తలూపింది. "అవునమ్మా, ఓనర్నే" అంది.