ఎర్ర కారు ఎట్లా వెలిసింది

మా తమ్ముడి ఎర్ర కారును ఖానాపూర్ బస్టాండు ముందు నిలబెడితే బస్సులు ఆగిపోయేవి. ఆదిలాబాద్ నుంచి కరీంనగర్ దాకా అంత ఎర్రటి బండి మరొకటి లేదు. బస్టాండు ముందు బస్సులు ఎలాగూ ఆగుతాయి కాబట్టి ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిజానికి ఆగింది ఒక ఆటో, అదీ నన్ను పక్కకు జరగమని చెప్పడానికి. అయినా బండి ఎరుపు మాత్రం అబద్ధం కాదు.

తమ్ముడు గల్ఫ్‌లో ఒక సేఠ్ దగ్గర డ్రైవరు. ఊళ్లో తనకంటూ ఒక బండి ఉండాలని సెలవులో వచ్చినప్పుడు కొన్నాడు. తిరిగి వెళ్లేటప్పుడు చాబీ నా చేతిలో పెట్టాడు.

"అన్నా, మా బామ్మర్ది అడిగినా ఇయ్యలే. నీ మీద భరోసతోని పోతున్న. జర చూసుకో."

ఆ తర్వాత కొన్నాళ్లు నేను ఊళ్లో ఛాతీ విరుచుకుని నడిచాను.

మొన్న మళ్లీ వస్తున్నానని ఫోన్ చేశాడు. బండి తుడుద్దామని డోరు తెరిచాను. డోరు లోపలి అంచు పండుమిరపలా ఉంది. బయట బానెట్టు, పైకప్పు మాత్రం ఉతికి ఉతికి పిండిన పాత లంగాలా, అటు ఎరుపూ కాదు ఇటు గులాబీ కాదు. ఒకే బండికి రెండు రంగులు! ఒళ్లు మండిపోయింది. నా చేతిలోని చాబీ ఆ బామ్మర్ది చేతికి పోయినట్టే అనిపించింది.

మంచిర్యాలలో ఒక పెయింటరు దగ్గరికి తీసుకుపోయాను. పాలిష్ పెట్టి రుద్దితే అతని గుడ్డ ఎర్రబడింది గానీ బండి ఎర్రబడలేదు.

"లాభం లేదు కాకా. ఎరుపు ఎండకు ఆగది."

"మరి గా తెల్ల బండ్లు నీడకు తిరుగుతున్నయా?"

"గవ్విటి రంగు గూడ పోతది. తెలుపుల తెలువది. ఎరుపు పోతే దూరంకెల్లే కనవడతది."

అతని కాలరు పట్టుకున్నాను. సరే, పట్టుకోలేదు, మనిషి నాకంటే గట్టిగా ఉన్నాడు. కానీ నా గొంతు పక్క చాయ్ హోటల్ దాకా వినిపించింది. నా కోపం అతని మీద కాదు, బండి అమ్మిన షోరూము వాళ్ల మీద. బండికి దండ వేశారు. కొబ్బరికాయ కొట్టించారు. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి తొక్కించారు. మిఠాయి డబ్బా ఇచ్చి ఫోటో దిగారు. అన్ని నోళ్లలో ఒక్క నోరైనా ఎరుపు ఎండకు నిలవదని అనలేదు. రంగు పోయాక మాత్రం ఆ సంగతి అందరికీ ముందే తెలుసట!

తమ్ముడు వచ్చాడు. భుజం మీది బ్యాగు కూడా దించకుండా బండి చుట్టూ తిరిగాడు. వాడు అడగకముందే నేను అందుకున్నాను.

"మన దిక్కు ఎండలు నీకు తెలువయారా? ఎర్ర రంగు తీరే గంత, పెయింటరే చెప్పిండు. నేనైతే కన్నబిడ్డ లెక్క చూసిన."

"అన్నా, నేనుండేది ఎడారిల. మా సేఠ్‌ది గూడ ఎర్ర బండే, నేనే కడుగుత. గిట్ల కాలే."

"గాడ సూర్యుడు వేరే, గీడ సూర్యుడు వేరే!" అని అరిచాను. షోరూమును, కంపెనీని, పెయింటరును, చివరికి ఆకాశాన్ని కూడా వదలకుండా తిట్టాను. తమ్ముడు వెలిసిన బానెట్టు మీద వేలితో రాస్తూ నిలబడ్డాడు. దానికి ఇంకా మండింది నాకు. తిరిగి నాలుగు తిట్టినా బాగుండేది.

చాయ్ గ్లాసులు తెచ్చిన నా భార్య వాటిని ఆ బానెట్టు మీదే పెట్టింది.

"సూర్యున్ని ఎందుకు తిడ్తవ్? బండి పెట్టే షెడ్డుల ఏమున్నదో చెప్పు నీ తమ్మునికి. ఇంట్ల పెడితే దురద లేస్తదని పత్తంత షెడ్డుల నింపితివి. రేటు పెరుగుతదని అమ్మకపోతివి. రెండు ఎండకాలాలు బండిని బయట ఎండవెడితివి. పత్తి మాత్రం తెల్లగ, మంచిగున్నది. ఇగ చాబీ ఆయన చేతుల పెట్టు."