పచ్చ అంటే ఏ పచ్చ?

2008. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా ఆఫీసు. దొడ్డబళ్ళాపురంలో పట్టు మరమగ్గాలు నడిపే నారాయణప్పగారికి ఒక డెస్క్‌టాప్ అప్లికేషన్ చేస్తున్నాం. ఏ మగ్గం ఎలా ఉందో తెరమీద రంగుల్లో కనిపించాలి. నడిస్తే తెలుపు, ఆగితే ఎరుపు, పడుగు అయిపోవస్తే పచ్చ. ఇది ఆయన ఫోన్లో చెప్పిన మాట. పడుగంటే మగ్గం మీది నిలువు దారం. అది అయిపోతోందని ముందే తెలియకపోతే మగ్గం ఊరికే నిలబడుతుంది.

తెరల రూపం రాసే భాష జామెల్. అందులో రంగుల్ని ఒకేచోట, పేర్లు పెట్టి దాచుకునే ఫైలు రిసోర్స్ డిక్షనరీ. తెరలన్నీ అక్కడి నుంచే రంగు తెచ్చుకుంటాయి. భీమవరం నుంచి వచ్చిన మా కిరణ్‌కి ఇది చాదస్తంగా తోచింది.

"ఏ తెర రంగు ఆ తెరలోనే రాసేస్తే పోలా మేడమ్?"

"గదికో వాటర్ ట్యాంకు కట్టుకుంటావా నువ్వు?"

సరే, ఫైలుకి ఒప్పుకున్నాడు. పేరు దగ్గర మళ్లీ పేచీ. "సేవ్ బటనూ పచ్చే, పడుగు హెచ్చరికా పచ్చే. రెండింటికీ కలిపి 'పచ్చబ్రష్' చాలదా?" చాలదన్నాను. ఏ పనికి ఆ పేరు: 'సేవ్‌బటన్', 'పడుగుఅలర్ట్'. ప్రస్తుతానికి రెండింట్లోనూ ఒకే ఆకుపచ్చ. నాతో వాదించి గెలిచినవాళ్లు తక్కువ, విసిగిపోయినవాళ్లు ఎక్కువ. కిరణ్ రెండో రకం.

చివరి డెమో రోజు నారాయణప్పగారు స్వయంగా వచ్చారు. ఆరోజు ఆయనకి నచ్చకపోతే పని వేరే కంపెనీకి పోతుంది, ముందే చెప్పారు. తెర చూడగానే ఆయన మొహం మాడింది.

"ఏమప్పా, పడుగు అయిపోతా ఉంటే హసురు చూపిస్తా ఉండాది? హసురంటే అంతా బాగుండాదని కదా!"

ఆయనదీ తెలుగే, మధ్యలో కన్నడం దొర్లుతుంది; హసురంటే ఆకుపచ్చ. "మీరే కదండీ పచ్చ అన్నారు!" అన్నాడు కిరణ్.

"పచ్చంటే పసుపప్పా! పచ్చకామెర్లొస్తే కండ్లు ఆకుల మాదిరి అవుతాయా?"

కిరణ్ తల పట్టుకున్నాడు. నాకు మాత్రం ఒళ్లంతా హుషారు! కీబోర్డు లాక్కున్నాను. డిక్షనరీ తెరిచి, 'పడుగుఅలర్ట్' ఎదురుగా ఉన్న రంగు మార్చి మళ్లీ నడిపించాను. ఒక్క వరుస! మగ్గాల పటం, షెడ్డు తెర, మూలనున్న చిన్న గుర్తు, అన్నీ ఒక్కసారిగా పసుపుతో వెలిగాయి. ఏ తెర ఫైలునీ ముట్టుకోలేదు.

"ఇది! ఇదమ్మా పచ్చంటే!" అని నారాయణప్పగారు బల్ల చరిచారు. పని మాకే దక్కింది.

ఆయన వెళ్లాక కిరణ్ ఊరుకున్నాడా? "చూశారా మేడమ్, 'పచ్చబ్రష్' అని నా పేరే ఉంచినా తప్పయ్యేది కాదు. పసుపూ పచ్చేనంట!"

సేవ్ బటన్ వైపు వేలు చూపించాను. అది ఇంకా ఆకుపచ్చగానే ఉంది. అతని పేరే పెట్టి ఉంటే అదీ పసుపయ్యేది.

అప్పటి నుంచి నా దగ్గర చేరిన ప్రతివాళ్లకీ ఇదే పోరు: రంగుకి దాని రంగు పేరు పెట్టకండి, దాని పని పేరు పెట్టండి. రంగు ఏమిటన్నది మనిషి మనిషికీ మారుతుంది. మనం అందరం తెలుగువాళ్లమే అయినా.